సిద్ధమ్మ పాటకు నాలుగు వైర్లు

మోటరు బాగుందో లేదో జీవరాజ్ కంటితో చూసి చెప్పడు. స్విచ్చు వేసి, కాస్త వంగి, కుడి చెవి అటు పెట్టి వింటాడు. బేరింగు అరిగిందా, కాయిలు తడిసిందా, మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదా అన్నది దాని మోతలోనే ఉంటుంది. కర్ణాటకలోని బీదర్‌లో చిద్రి వైపు పోయే రోడ్డు మీద ఇరవై రెండేళ్లుగా అతని వైండింగు షాపు ఉంది. ఔరాద్ నుంచి, హుల్సూర్ నుంచి రైతులు కాలిన బోరు మోటర్లను జీపుల్లో వేసుకొచ్చి అతని ముందు దించుతారు. పదో తరగతిలో కన్నడం తప్పాడు. ఆ తర్వాత ఏ పరీక్షా రాయలేదు. గోడకు తగిలించుకోవడానికి ఒక్క సర్టిఫికెట్టూ లేదు కాబట్టి, చేతిలో ఎంత పనితనం ఉన్నా, చదువుకున్నవాళ్లు కూర్చున్న చోట అతనికి కుర్చీ వేయాలని ఎవరికీ గుర్తుండదు.

ఆదివారం మాత్రం ఒకప్పుడు అతనికంటూ ఒక చోటుండేది. పదహారో ఏటి నుంచి చర్చిలో ఢోలకు అతనిదే. నాలుగేళ్ల కిందట చర్చికి కీబోర్డు వచ్చింది. దాని వెనక నోయల్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు, హైదరాబాదులో రెండేళ్లు సంగీతం నేర్చుకొని పరీక్ష పాసై వచ్చినవాడు. కీబోర్డులోనే తబలా ఉంది, డ్రమ్ముంది, గిలక్కాయ ఉంది అని తెలిశాక ఢోలకును బీరువా మీదికి ఎక్కించారు. జీవరాజ్‌ను ఎవరూ వద్దనలేదు. వద్దు అనకుండానే మనిషిని పక్కకు జరపడం పెద్దమనుషులకు బాగా వచ్చిన విద్య.

అతను అది మింగాడు. కానీ ఈ ఏడు ఫిబ్రవరిలో జరిగింది మింగడానికి రాలేదు.

చర్చికి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఒక కమిటీ వేశారు. పది పాటలు రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపాలని, పాటల కాగితం అచ్చు వేయించాలని కమిటీ తీర్మానం. సెక్రటరీ సిలాసు బడిలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆరాధన అయ్యాక నిలబడి పది పాటల పేర్లూ చదివాడు. అందులో సిద్ధమ్మ పాట లేదు.

సిద్ధమ్మ జీవరాజ్‌కు అక్క. అతని కన్నా పద్నాలుగేళ్లు పెద్ద. మొగుడు పోయాక ఊరు వదిలి బీదర్‌కు వచ్చి, చిద్రిలో ఇల్లు పెట్టి, తమ్ముణ్ణి కూడా తెచ్చుకొని బడిలో వేసింది. బస్టాండు దగ్గర ఖానావళిలో, అంటే పూటకూళ్ల హోటల్లో, ముప్పై ఏళ్లుగా జొన్న రొట్టెలు కొడుతోంది. చదవడం రాదు, రాయడం రాదు. పాటలు మాత్రం కడుతుంది. ఆమె కట్టిన వాటిలో ఒకటి ఆ చర్చిలో ప్రతి కోతకాలం పండుగకూ ఆడవాళ్లు పాడతారు.

*వాన ఇచ్చినవు తండ్రీ, ఒడి నింపినవు,*
*జొన్న కంకి నిండ పాలు పోసినవు...*

ముప్పై ఏళ్లుగా పాడుతున్న పాట జాబితాలో ఎందుకు లేదని జీవరాజ్ అడిగాడు. సిలాసు కళ్లజోడు సర్దుకొని నోయల్ వైపు చూశాడు. నోయల్ మర్యాదగానే చెప్పాడు. రికార్డింగుకు ప్రతి పాటకూ కార్డులు రాసిన కాగితం కావాలి, అంటే పాట కింద ఏ స్వరాల గుంపు ఎక్కడ మోగాలో రాసిన కాగితం. సిద్ధమ్మక్క పాటకు రెండు మూడు రకాలుగా పెట్టి చూశాడట, కూర్చోలేదట. పైగా ఆడవాళ్లు లైను లైనుకూ ఆగిపోతారు, రిథమ్ ముందుకు వెళ్లిపోతుంది, పాటకు కొలత లేదు.

“కార్డులు ఎవలన్న తెస్తే పెడ్తరా?” అని అడిగాడు జీవరాజ్.

“తెస్తే ఎందుకు పెట్టం?” అన్నాడు సిలాసు. “మూడో శనివారం ప్రాక్టీసు ఉన్నది. ఆనాటికి కాగితం నా చేతిల ఉండాలె. అయితే థియరీ రాకుంట అవి యాడికెల్లి వస్తయ్ జీవా?”

నోయల్ నవ్వాడు. “గిప్పుడు ఫోన్ల ఆప్‌లు ఉన్నయ్ అన్నా. బటను ఒత్తితె కార్డు పల్కుతది. థియరీ రానోళ్లంత గవ్విటితోనే మ్యూజిక్ డైరెక్టర్లు అయితుండ్రు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జీవరాజ్ నవ్వలేదు. బయటికొచ్చి బండి మీద కూర్చొని, అక్కడే ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. నోయల్ వెక్కిరించాడో, దారి చూపించాడో అతనికి అనవసరం. అతనికి తెలిసింది ఒక్కటే. రేపటి పిల్లలు పాటలు నేర్చుకునేది ఫోనులోంచి. రికార్డులో లేని పాట పదేళ్లు తిరిగేసరికి ఎక్కడా ఉండదు. అక్కకు యాభై ఎనిమిదేళ్లు. ఆ పాట ఉన్నది ఆమె గొంతులో, ఇంకో ఏడెనిమిది మంది ముసలివాళ్ల గొంతుల్లో. అంతే.

చిద్రి రోడ్డులో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కరెంటు ఉండదు. మోటర్లు పరీక్షించడానికి వీలు లేని ఆ రెండు గంటలూ అంతకుముందు అతను బల్ల మీద నిద్రపోయేవాడు. ఇప్పుడు ఫోను ముందు కూర్చున్నాడు. ఆప్ తెరవగానే తెర నిండా గుండ్రటి బటన్లు, ఒక్కోదాని మీద ఇంగ్లీషు అక్షరం. మోటర్ల మీద రేకు బిళ్లలు చదివి చదివి ఇంగ్లీషు అక్షరాలతో అతనికి పరిచయం ఉంది. బటను నొక్కితే ఒక స్వరం కాదు, మూడు కలిసి మోగుతున్నాయి. ఒకటి నొక్కాక, దాని తర్వాత బాగుండేవి ఏవో ఆప్ వెలిగించి చూపిస్తోంది. నాలుగు ఎంచుకొని వరసలో పెడితే చాలు, అవే తిరిగి తిరిగి మోగుతుంటాయి. మొదటి రోజు అతను గంటన్నర సేపు ఊరికే నొక్కుతూ కూర్చున్నాడు. లోపల ఏముందో తెలియకపోయినా ఏది దేనితో కలుస్తుందో చెవికి తెలుస్తోంది. మొదటిసారి కాయిలు చుట్టిన రోజు కూడా కరెంటు అంటే ఏమిటో అతనికి తెలియదు. మోటరు తిరిగింది.

రెండో రోజు ఆప్ ఒక ప్రశ్న అడిగింది. పాట భావం ఏమిటి? కింద నవ్వు మొహం ఒకటి, ఏడుపు మొహం ఒకటి, ఇంకా ఏవేవో ఉన్నాయి. జీవరాజ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కోతకాలం పండుగ పాట. కొత్త జొన్నలు, కందులు, గుమ్మడికాయలు మోసుకొచ్చి చర్చి బల్ల ముందు పెట్టి పాడే కృతజ్ఞత పాట. ఆ చర్చిలో ఎవరిని అడిగినా అదే మొహం నొక్కేవారు. అతను నవ్వు మొహం నొక్కాడు.

వారం రోజులు ఆ నవ్వు మొహంతో కుస్తీ పట్టాడు. ఆప్ చూపించిన నాలుగు బటన్లు పెట్టాడు, తీశాడు, వేరేవి పెట్టాడు. విడిగా వింటే దివ్యంగా ఉంది. పక్క పంచరు షాపు తుకారాం వచ్చి, “ఏం జీవన్న, సినిమా తీస్తున్నవా?” అని అడిగి, కాసేపు తల ఊపి మరీ పోయాడు. పాట తను పాడుకుంటూ చూస్తే మాత్రం ఎక్కడో ఒరుసుకుంటోంది. లోపం తన గొంతులోనే ఉందనుకున్నాడు. అక్క పాడితే సరిపోతుందని సర్దిచెప్పుకున్నాడు.

శనివారం నాలుగు గంటలకు ఖానావళి పని ముగించుకొని సిద్ధమ్మ షాపుకు వచ్చింది. చేతులకు ఇంకా జొన్నపిండి ఉంది. స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోనును డబ్బా స్పీకరుకు తగిలించి, పాడమన్నాడు. నాలుగు కార్డులూ చకచకా తిరుగుతున్నాయి. ఆమె గొంతెత్తింది. మొదటి లైనులోనే ఆమె స్వరం స్పీకరుకు తగిలి తడబడింది. ఆమె కూడా పట్టుదల మనిషే. స్పీకరు ఎటు పోతే అటు గొంతు లాగింది. రెండో లైనుకు పాట వేరే పాట అయింది. లైను చివర ఎప్పటిలా ఆగింది, ఫోను ఆగలేదు. ఆమె అందుకునేలోపు అది ఇంకో చుట్టు తిరిగొచ్చింది. మూడో లైనులో పాడటం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“గిది నాది కాదురా,” అంది. “ఎవల్దో పెండ్లి బ్యాండు.”

జీవరాజ్‌కు చిరాకేసింది. వారం రోజుల కష్టం. లైను చివర అంతసేపు ఆగడం ఎందుకని, కాస్త జల్దీగా అందుకోవచ్చు కదా అని అన్నాడు. నోయల్ అన్న మాటే తన నోట వచ్చిందని అన్నాకగానీ తెలియలేదు.

సిద్ధమ్మ లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఉండనీ తియ్యి. రికార్డు లేకుంటె ఏం పోతది? నేనున్నన్ని దినాలు పాడ్త,” అని వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె అతనితో మాట్లాడలేదు. సోమవారం పొద్దున ఆరు గంటలకు జీవరాజ్ ఖానావళి వెనక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. పొయ్యి ముందు సిద్ధమ్మ రొట్టె కొడుతోంది. పీట మీద పిండి ముద్ద పెట్టి, అరచేతితో తడుతూ తిప్పుతూ, చందమామంత చేసి పెనం మీద వేస్తోంది. అతన్ని చూసి తల ఊపింది కానీ చేయి ఆపలేదు. అతను గడప మీద కూర్చొని, తప్పు తనదే అన్నాడు. పాట మార్చడానికి తనెవరు. కానీ ఆగడం ఎంతసేపో తెలియకపోతే పెట్టలేనన్నాడు. ఆ పాటను ఎప్పుడు, ఎట్లా కట్టిందో చెప్పమన్నాడు.

రొట్టె తిరగేసి, తడిచేత్తో దాని మీద నీళ్లు రాసి, ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“నా పోరడు సచ్చిపోయిన సాలు గది. నీకు ఏడేండ్లు, నీకు యాదికుండదు. కార్తీకంల పోయిండు. పదిదినాలకే పండుగ. ఊరోళ్లందరు లేసి, దేవుడు గిదిచ్చిండు, గదిచ్చిండు అని సాక్ష్యం చెప్తుండ్రు. నా వంతు వచ్చింది. ఏం చెప్పాలె? అత్త ఎనక నుంచి పొడుస్తాంది, చెప్పు చెప్పు అని. నాకు నోట్లె ఒక్కటే రాగం ఉండె. వాన్ని ఊయల ఊపుకుంట పాడిన రాగం. గా రాగం మీద వానా జొన్నా అని వచ్చిన మాటలు పెట్టి పాడిన. అందరు బాగున్నది అన్నరు. మళ్ల పండుగకు గూడ పాడుమన్నరు.”

ఇంకో ముద్ద తీసుకుంది.

“లైను కాడ ఎందుకు ఆగుతవ్ అంటివి గద. ఊయల పోయినంక మళ్ల చేతికి రావాలె గదరా. వచ్చెదాంక ఎట్ల పాడ్త?”

 అక్కకు ఒక బిడ్డ పుట్టి పోయాడని జీవరాజ్‌కు తెలుసు. ఆ పాట అప్పటిదని తెలియదు. పాతికేళ్లు ఆ పాటకు ఢోలకు వాయించిన చేతులవి. ఆమె ఆగినప్పుడల్లా ఆ ఖాళీని నింపడానికి తను గట్టిగా దరువు వేసేవాడు. బాగా వాయించాడని జనం మెచ్చుకునేవారు.

అతను లేవబోతుంటే సిద్ధమ్మ, “గిది నీ కడుపుల ఉంచుకో. సిలాసయ్యకు చెప్పకు, సాక్ష్యం చెప్పుమని మైకు తెస్తడు,” అంది. వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం అతను ఆప్ తెరిచి పాతవన్నీ చెరిపేశాడు. ఏడుపు మొహం నొక్కాడు. బటన్లు మారాయి. మొదటిది నొక్కి, దాని మీద పాట మొదటి లైను అందుకున్నాడు. పాట ఒరుసుకుంటున్న చోటు ఎక్కడో అప్పుడు తెలిసింది. మూడు స్వరాల్లో నడిమిది నవ్వు మొహంలో అరమెట్టు ఎక్కువ ఉంటోంది. ఇందులో అది అక్క గొంతు ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

తర్వాతి చిక్కు, ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలన్నది. అందుకు శ్రుతిపెట్టె అతని దగ్గర లేదు, మోటరు ఉంది. కరెంటు వచ్చాక ఐదు హార్స్‌పవర్ మోటరును పరీక్షకు పెట్టి, దాని గుయ్యిమనే మోత మీద పాట అందుకున్నాడు. అక్క షాపులో కూర్చొని కూనిరాగం తీసినప్పుడల్లా ఆ మోత మీదే వాలేదని అతనికి గుర్తుంది. ఫోనులో ఒక్కో బటనే నొక్కుతూ పోతే, ఒకటి ఆ మోతలో కలిసిపోయింది. పూర్తిగా కాదు, మోటరు వెంట్రుకవాసి పైన ఉంది. ఆ మాత్రం తేడాకు మోటరును తప్పుపట్టలేదు, ఫోనునూ తప్పుపట్టలేదు. అదే ఇల్లు అనుకున్నాడు. పాట ఎక్కడికి పోయినా వచ్చి దిగాల్సింది అక్కడే.

బటను మీద వేలు అట్టే పెట్టి ఉంచితే దాని రంగు మార్చుకోవచ్చని అతను అప్పటికే కనిపెట్టాడు. ఇల్లు అనుకున్న దానికి ఆకుపచ్చ పెట్టాడు. ఆకుపచ్చ అంటే ఎర్త్ వైరు. ఎక్కడ లీకైన కరెంటైనా చివరికి నేలలోకి దిగేది దాని గుండానే. మిగతా మూడింటికీ ఎరుపు, పసుపు, నీలం పెట్టాడు, మూడు ఫేజుల రంగులు. అక్షరాల్ని చూడటం మానేశాడు. నాలుగు వైర్లు. ఏది దేని తర్వాత కలపాలో ఇక అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చుట్లు తిప్పే బటను కూడా ఆపేశాడు. తిరిగేది ఎవరికోసమూ ఆగదు. వేలితో నొక్కితేనే మోగాలి, వేలు పెట్టి ఉంచినంతసేపూ మోగాలి. ఆప్ వెలిగించి చూపించే బటన్లను నాలుగైదు చోట్ల వినలేదు. మూడో లైను మధ్యలో అది పసుపు చూపిస్తుంది, అతని చెవికి నీలం కావాలి. మూడు రోజులు రెండూ పెట్టి చూసి నీలమే ఉంచాడు. రాగి తీగ చుట్టేటప్పుడు వేలి కొసకు తెలిసే బిగువు ఒకటి ఉంటుంది. ఎక్కువ లాగితే తెగుతుంది, వదిలితే జారుతుంది. అక్క పాడుతుంటే లైను చివర ఆ బిగువు పట్టుకొని కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆమె ఆరు సాయంత్రాలు వచ్చి పాడింది. మొదటి సాయంత్రం పాట అయ్యాక ఫోను వైపు ఒకసారి చూసింది. తర్వాత, “మళ్ల పెట్టు,” అంది.

మూడో శనివారం ప్రాక్టీసుకు కమిటీ నలుగురూ వచ్చారు. పాడే ఆడవాళ్లు తొమ్మిది మంది చాప మీద కూర్చున్నారు. జీవరాజ్ ఫోను పట్టుకొని మైకుసెట్టు దగ్గరికి వెళ్తుంటే నోయల్ కీబోర్డు వెనక నుంచి, “అన్నా, నిజంగనే ఆప్ తెచ్చినవా? బటన్లు ఒత్తుడు సంగీతం గాదే,” అన్నాడు. అందులో పెద్ద విషమేమీ లేదు, వయసు పొగరు.

జీవరాజ్ వైరు గుచ్చుతూనే జవాబిచ్చాడు. “నువ్వు ఏ పాటొచ్చినా తెల్ల మెట్ల మీదనే వాయించి, పక్కకున్న బటను ఒత్తి సురుతి మారుస్తవ్ గద. నాలుగేండ్ల సంది చూస్తున్న. నువ్వు ఒక బటను ఒత్తుతవ్, నేను నాలుగు ఒత్తుత. గంతే ఫరక్.”

చాప మీద ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నోయల్ చెవులు ఎర్రబడ్డాయి. సిలాసు దగ్గి, కానివ్వమన్నాడు.

సిద్ధమ్మ కళ్లు మూసుకొని అందుకుంది. *వాన ఇచ్చినవు తండ్రీ.* జీవరాజ్ ఆకుపచ్చ మీద వేలుంచాడు. *ఒడి నింపినవు.* ఎరుపు, మళ్లీ ఆకుపచ్చ. లైను చివర ఆమె ఆగింది. అతని వేలు ఆగింది. కింద ఆ మోత సన్నగా సాగుతూ ఉంది. ఏ దరువూ లేదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో ఆ చర్చి అంతవరకూ వినలేదు, ఎందుకంటే పాతికేళ్లు దాన్ని ఢోలకు నింపింది, నాలుగేళ్లు డ్రమ్ము నింపింది. తర్వాత ఆమె ఊపిరి పీల్చింది, మిగతా ఎనిమిది గొంతులూ ఆమె వెనకే లేచాయి. వేలు లేచి ఎరుపు మీద పడింది. పాట మొత్తం అలాగే నడిచింది. ఎవరూ ఎవరినీ తరమలేదు.

అయిపోయాక సిలాసు తల వంచుకొని కాగితాలు సర్దాడు. నోయల్ అప్పటికే కీబోర్డు మీద వేళ్లు పెట్టి వెతుకుతున్నాడు. పాట కూర్చుందని ఒప్పుకున్నాడు. కానీ మూడో లైనులో ఒక కార్డు తప్పన్నాడు. ఈ రకం పాటల్లో ఆ చోట మేజరు, అంటే నవ్వు మొహం రకం కార్డు, రావాలి, పుస్తకంలో అలాగే ఉంది.

“కొట్టు,” అన్నాడు జీవరాజ్. “అక్కా, మూడో లైను.”

నోయల్ తను చెప్పిన కార్డు కొట్టాడు. సిద్ధమ్మ పాడింది. ఆమె స్వరానికి అరమెట్టు పైన కీబోర్డు గీకింది. చాప మీద ఒకావిడ పళ్లు పులిసినట్టు మొహం పెట్టింది. జీవరాజ్ నీలం బటను నొక్కాడు, అదే లైను మళ్లీ పాడించాడు. నోయల్ తల గోక్కున్నాడు. ఇంకోసారి పాడమన్నాడు, ఈసారి కళ్లు మూసుకొని విన్నాడు. విని, “ఉండనీ. గదే ఉండనీ,” అన్నాడు. పుస్తకం చదివినా చెవి చచ్చిపోనివాడు.

సిలాసు మాత్రం రూలు మరిచిపోలేదు. “అంత మంచిగనే ఉన్నది. కాగితం ఏది?”

జీవరాజ్ జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. సిలాసు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పాట మాటల కింద తెలుగులో ఎర్త్, రెడ్, ఎర్త్, బ్లూ, ఎల్లో అని రాసి ఉంది. ప్రతి లైను చివరా ‘ఆగు’ అని ఉంది.

“ఇదేంది జీవా, చర్చికి వైరింగు చేస్తవా?”

ఈసారి అందరూ నవ్వారు, జీవరాజ్ కూడా. నోయల్ వచ్చి ఆ కాగితం తీసుకున్నాడు. ఫోనులో ఒక్కో రంగూ నొక్కించుకొని, కీబోర్డు మీద పట్టుకొని, పెన్సిలుతో ఒక్కోదాని కింద ఇంగ్లీషు అక్షరం రాశాడు. నాలుగు వైర్లకూ నాలుగు పేర్లు దొరికాయి. ‘ఆగు’ దగ్గరికి వచ్చేసరికి అతని పెన్సిలు నిలిచిపోయింది.

“ఎంత ఆగాలె అన్నా? రెండు బీట్లా, మూడా? అంకె కావాలె.”

జీవరాజ్ అక్క వైపు చూశాడు. ఆమె చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది, తల ఎత్తలేదు. ఆ జవాబు అతనికి తెలుసు. ఊయల సంగతి కడుపులోనే ఉంచుకొమ్మని అక్క చెప్పింది.

“అంకె లేదు,” అన్నాడు. “సిద్ధమ్మ అందుకున్నదాంక అని రాయి.”

“రేపటి దినం సిద్ధమ్మ లేకుంటె?” అన్నాడు సిలాసు. మోటుగా ఉన్నా న్యాయమైన ప్రశ్నే.

“ఎవలు ముందు పాడితె ఆమె అందుకున్నదాంక. వాయించెటోడు ఆగాలె. ఆగుడు రానోడు గీ పాట జోలికి రావద్దు. అది గూడ రాయి.”

నోయల్ మొదటి వాక్యం రాశాడు, రెండోది రాయలేదు. రికార్డింగు రోజున ఫోను మోత పలచగా ఉందని కీబోర్డే పెట్టమన్నారు. నోయల్ వాయించాడు. రెండుసార్లు లైను చివర అలవాటు చొప్పున ముందుకు దూకాడు, రెండుసార్లూ జీవరాజ్ మొదటి నుంచి పాడించాడు. ఆడవాళ్లు విసుక్కున్నారు. రికార్డు చేసే కుర్రాడు గడియారం చూశాడు. జీవరాజ్ కదల్లేదు. మూడోసారి కీబోర్డు పక్కనే నిలబడ్డాడు. నోయల్ వేళ్లు లేపి సిద్ధమ్మ నోటి వైపు చూస్తూ ఆగాడు. ఆమె అందుకుంది. అప్పుడు దించాడు. ఆ మూడోదే ఉంచారు.

అచ్చు కాగితం ప్రూఫు వచ్చినప్పుడు జీవరాజ్ ఒక్క లైనే చూశాడు. పాట కింద ‘సంప్రదాయ గీతం, సంగీతం: నోయల్’ అని ఉంది. నోయలే ఇబ్బందిపడి, అన్న పేరు కూడా పెట్టిద్దామన్నాడు. తన పేరు లేకపోయినా ఫరవాలేదన్నాడు జీవరాజ్. సిలాసు ముందు కూర్చొని, ఈసారి కుర్చీ తనే లాక్కొని, ఆ మొదటి రెండు మాటలూ కొట్టేయించాడు. సంప్రదాయం రొట్టెలు కొట్టదు. పాట కట్టిన మనిషి బతికే ఉంది, బస్టాండు వెనక పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఆ చోట ‘రచన, రాగం: చిద్రి సిద్ధమ్మ’ అని రాసేదాకా లేవలేదు.

రికార్డు ఫోన్లకు వచ్చిన మర్నాడు, నాలుగు దాటాక సిద్ధమ్మ షాపుకు వచ్చింది. ఖానావళిలో ఎవరో పెట్టారట, విన్నదట. ఎలా ఉందని అడిగితే, నోయలు పోరడు జర భయపడుకుంట కొట్టిండు అని మాత్రం అంది. తర్వాత ఒక చిల్లర సంగతి చెప్పినట్టు, తనకు ఇంకా పద్నాలుగు పాటలున్నాయని, అందులో మూడు ఎవరి ముందూ పాడనివని చెప్పింది.

జీవరాజ్ పరీక్షకు పెట్టిన మోటరు ఆపాడు. చేతికంటిన వార్నిషు గుడ్డతో తుడుచుకొని ఫోను తీశాడు. నవ్వు మొహమా, ఏడుపు మొహమా అని ఆప్ అడిగింది. దేన్నీ నొక్కలేదు.

“ముందుగాల నువ్వు పాడక్కా,” అన్నాడు. “విన్నంక ఒత్తుత.”